అల లేని నీటి లోతు

హోసూరు, కృష్ణగిరి వాళ్లకు సముద్రం దూరం. ఆదివారం పిల్లలకు నీళ్లు చూపించాలంటే కెలవరపల్లి డ్యాం, లేదంటే కృష్ణగిరి డ్యాం. రెండూ దక్షిణ పినాకిని మీదివే. నంది కొండల్లో పుట్టి, కడలూరు దగ్గర బంగాళాఖాతంలో కలిసే ఏరు అది. కృష్ణగిరి డ్యాం కింద పార్కుంది, చేపల వేపుడు అంగళ్లున్నాయి. జనం సందడి వదిలి నీటి అంచు పట్టుకుని కాస్త నడిస్తే అలికిడి లేని మూల ఏదో ఒకటి దొరుకుతుంది. అక్కడ ఈల వేసి వెనక్కి పిలిచేవాళ్లు ఉండరు.

అల లేదంటే ధైర్యం వస్తుంది. చిక్కంతా అక్కడే. అడుగు నుంచి వచ్చే వెలుతురు నీళ్లు దాటి గాలిలోకి రాగానే వంగుతుంది. అందుకే నిలువునా తొంగిచూసినా లోతు ముప్పాతికే కనిపిస్తుంది: ఆరడుగుల నీరు నాలుగున్నరే అనిపిస్తుంది. ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ. ఇదీ తేట నీటి సంగతే; ఆకుపచ్చగా మడ్డికట్టిన నీళ్లలో అడుగే కనబడదు. జలాశయం అడుగంటే ఒకప్పటి నేల, దాని నడుమ పాత ఏటి పాయ. మోకాలి లోతులో నాలుగడుగులు వేసినవాడి అయిదో అడుగుకు నేల అందకపోవచ్చు. అందినా ఒండ్రు మెత్తన, కాలు దిగబడుతుంది.

కెలవరపల్లిలో నురగ గొడవ ఒకటి. బెంగళూరు మురుగుతో పాటు సబ్బుల పొడుల రసాయనాలూ ఏట్లోకి చేరతాయి. వాటి అణువుకు ఒక కొస నీటిని పట్టుకుంటుంది, రెండో కొస నీటికి దూరంగా గాలివైపు తిరుగుతుంది. షట్టర్ల నుంచి నీరు దూకి గాలిని కలుపుకున్నప్పుడు ఈ అణువులే బుడగల చుట్టూ పొరకట్టి, వాటిని తొందరగా పగలనివ్వవు. తెల్లగా ఉందని పిల్లలు ఫోటోలకు ఎగబడతారు. దాని కింద గట్టు ఎక్కడ ఆగిందో పెద్దవాళ్లకూ తెలియదు.

2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మునిగేవాడు కేకలు పెడతాడనుకోవడం సినిమాల పుణ్యం. నోరు పైకి తేలే ఆ క్షణం ఊపిరికే చాలదు, ఇక కేకెక్కడిది? చేతులు ఊపడానికి లేవవు, నీటిని కిందికి నొక్కుతూనే ఉంటాయి. ఒడ్డున ఉన్నవాళ్లకు ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది.

ఈత రానివాడు దూకితే మునిగేవాళ్లు ఇద్దరవుతారు. అయిదు లీటర్ల ఖాళీ నూనె క్యానుకు మూత గట్టిగా బిగించి విసిరితే మేలు. నీళ్లలో అది దాదాపు అయిదు కిలోల బరువును తేల్చగలదు. మనిషి ఒళ్లు నీళ్లలో ఎలాగూ సగం తేలేదే. గుండెకు హత్తుకుంటే మొహం పైన నిలవడానికి ఆ మాత్రం ఆసరా చాలావరకు సరిపోతుంది.