తోలు ఎందుకు కుళ్ళదు?

పచ్చి చర్మం రెండు రోజుల్లో కంపు కొడుతుంది. మరి చెప్పుల తోలు ఏళ్ల తరబడి ఎలా నిలుస్తుంది? వేలూరు ప్రాంతంలో పేర్ణాంబట్టు, ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట ఊళ్ళకు తోళ్ళ పనే పెద్ద జీవనాధారం.

చర్మంలో ముఖ్యంగా ఉండేవి కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు. తడి ఉంటే బాక్టీరియా వాటిని తినేస్తుంది. అందుకే ముందు ఉప్పు పట్టిస్తారు. అది నీటిని లాగేస్తుంది. తర్వాత సున్నపు నీళ్ళలో నానబెడితే వెంట్రుకలు వదులవుతాయి. వాటిని గీకేసి, బిగలాగి ఆరబెడితే పచ్చితోలు. డప్పుకు మూసేది అలాంటిదే. ఖంగున మోగుతుంది, కానీ తడిస్తే మళ్ళీ మెత్తబడి కుళ్ళుతుంది.

కుళ్ళని తోలు కావాలంటే ఊనాలి, అంటే పదును చేయాలి. బతుకమ్మలో పేర్చే తంగేడు పూలు తెలుసుగా? ఆ చెట్టు బెరడులో టానిన్ ఉంటుంది. అది కొల్లాజెన్ పోగులను పట్టుకుని కట్టేస్తుంది, ఇక బాక్టీరియాకు తిండి దొరకదు. ఎంత గొప్ప ఉపాయం! తర్వాత వచ్చిన క్రోమియం లవణాలు పనిని త్వరగా ముగించాయి. తోళ్ళ శాలల మురుగునీరు మాత్రం వేలూరు ప్రాంతంలోని పాలారు నదిని, బావులను పాడుచేసింది. 1996లో సుప్రీంకోర్టు గట్టి తీర్పు ఇవ్వాల్సి వచ్చింది.

పంది చర్మాన్నీ ఇలాగే ఊనుతారు. దాని వెంట్రుకలు మూడేసి గుంపులుగా లోతుకంటా దిగి ఉంటాయి కాబట్టి, తోలు మీద మూడేసి చుక్కలు కనిపిస్తాయి. దుకాణాల్లోని పందితోలు ఎక్కువగా పెంపుడు పందులదే.