గుహలో గల్లంతైన పాతిక రోజులు

1962 సెప్టెంబర్ 14. ఫ్రాన్స్, ఇటలీ సరిహద్దున ఆల్ప్స్ పర్వతాల్లోని స్కరసోన్ గుహ. బయట కాపలా ఉన్నవాళ్లు లోపలి మనిషికి ఫోన్లో చెప్పారు, గడువు అయిపోయింది, ఇక పైకి రావచ్చని. మిషెల్ సిఫ్ర్ నమ్మలేకపోయాడు. అతని లెక్కలో అది ఆగస్టు 20.

సిఫ్ర్ భూగర్భ శాస్త్రజ్ఞుడు, అప్పటికి 23 ఏళ్లవాడు. గుహ అడుగున ఉన్న మంచుగడ్డను పరిశీలించడానికి ఓ పదిహేను రోజులు ఉండొద్దామని మొదట అనుకున్నాడు. తర్వాత ఆలోచన పెరిగింది. వాచీ, ఎండ లేకుండా రెండు నెలలుంటే మనిషికి టైము ఎలా తెలుస్తుందో చూద్దామని దిగాడు. లోపల ఉష్ణోగ్రత సున్నాకు దిగువన, గాలిలో తేమ 98 శాతం. కాళ్లు ఎప్పుడూ తడిగానే ఉండేవి, ఒంటి వేడి 34 డిగ్రీలకు పడిపోయింది. లేచినప్పుడు, తిన్నప్పుడు, పడుకోబోయేటప్పుడు అతనే పైకి ఫోన్ చేయాలి. పైవాళ్లు మాత్రం తమంతట తాము చేయకూడదు. చేస్తే వేళ ఎంతైందో ఊహించేస్తాడు కదా!

ఆ ఫోన్లు వచ్చిన వేళలన్నీ పైవాళ్లు రాసిపెట్టారు. అసలు విశేషం ఆ లెక్కల్లోనే బయటపడింది. సిఫ్ర్ నిద్రా మెలకువా కలిపి ఒక్కో చుట్టుకు సగటున 24 గంటల 30 నిమిషాలు పట్టింది. అంటే ఒళ్లు రోజుల్ని ఇంచుమించు సరిగ్గానే నడుపుకొంటూ వచ్చింది. పాతిక రోజులు పోగొట్టుకున్నది మనసు. ఒకే తలలో ఒక గడియారం సక్రమంగా తిరుగుతుంటే, దాని పక్కనే ఇంకొకటి అంత వెనకబడిందన్నమాట.

సక్రమంగా తిరిగినదాని చిరునామా మనకిప్పుడు తెలుసు. రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు మెదడు అడుగున ఒకదాన్నొకటి దాటే చోటికి సరిగ్గా పైన, సుమారు 20 వేల నాడీకణాల గుంపు ఒకటుంది. ప్రతి కణంలోనూ ఒక జన్యువు ప్రొటీన్లు తయారు చేయిస్తుంది. అవి పోగుపడి, చివరికి ఆ జన్యువు నోరే మూయిస్తాయి. ట్యాంకు నిండితే ఫ్లోటు పైకి తేలి నీళ్లు ఆపేసినట్టు. ప్రొటీన్లు కరిగిపోయాక మళ్లీ మొదలు. ఈ చుట్టు దాదాపు 24 గంటలు. కాలిఫోర్నియాలో సేమర్ బెంజర్, రోనాల్డ్ కొనోప్కా 1971లో పండ్ల ఈగల్లో ఈ జన్యువు జాడ పట్టారు. అది పనిచేసే తీరును విప్పిన జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన మనవలు శంషాబాద్‌లో దిగిన నాలుగైదు రోజుల దాకా అర్ధరాత్రి లేచి ఆకలి అంటుంటే, అది మారాం కాదు, ఈ 20 వేల కణాల పని. ఇక్కడి వెలుతురు కంటబడే కొద్దీ అవే దారికొస్తాయి.

చిత్రమేమిటంటే ఈ గడియారం చలికీ వేడికీ పెద్దగా చలించదు. సెకన్లను లెక్కపెట్టే రెండోది అలా కాదు. గుహలో సిఫ్ర్‌కు ఒక పరీక్ష ఉండేది. సెకనుకు ఒక అంకె చొప్పున 120 దాకా లెక్కపెట్టాలి. రెండు నిమిషాలు పట్టాల్సింది అయిదు నిమిషాలు పట్టింది!

దీనికి సరిగ్గా తిరగబడిన ఉదంతం అమెరికాలో అంతకు ముప్ఫై ఏళ్ల కిందటే జరిగింది. హడ్సన్ హోగ్లండ్ అనే శాస్త్రజ్ఞుడి భార్యకు ఫ్లూ జ్వరం. ఆయన మందుల షాపుకు వెళ్లి 20 నిమిషాల్లో వచ్చేశాడు. ఇంతసేపా అని ఆవిడ నిలదీసింది. ఇంకొకరైతే సంజాయిషీ చెప్పుకునేవారు. ఈయన స్టాప్‌వాచ్ తీసి, అరవై సెకన్లు లెక్కపెట్టమన్నాడు. జ్వరం ఎంత ఎక్కువుంటే ఆవిడ అరవై అంత తొందరగా పూర్తయింది. మళ్లీ మళ్లీ లెక్కపెట్టించాడు కూడా. ఆ ఇల్లాలి ఓపికకు దణ్ణం పెట్టాలి. ఫలితాన్ని 1933లో ప్రచురించాడు. లోపలి లెక్క పరుగెడితే బయటి కాలం సాగినట్టుంటుంది. లోపలి లెక్క మందగిస్తే రెండు నెలలు కూడా నెలకు కాస్త ఎక్కువగా తోస్తాయి. అయితే గుహలో జరిగినదంతా చలి నెత్తిన రుద్దలేం. అక్కడ మరొకటి కూడా లోపించింది. అదేమిటో చెప్పాలంటే డాలస్ వెళ్లాలి.

మనవాళ్లు వేల సంఖ్యలో స్థిరపడిన ఆ ఊళ్లోనే ఒక వినోద పార్కులో, 31 మీటర్ల ఎత్తు నుంచి కింద పరిచిన వలలోకి వెల్లకిలా పడేసే ఆట ఒకటుండేది. ప్రమాదంలో కాలం నెమ్మదిస్తుందన్న మాట నిజమా అని తేల్చడానికి మెదడు శాస్త్రజ్ఞుడు డేవిడ్ ఈగిల్‌మన్ బృందం అక్కడ ప్రయోగం పెట్టింది. పడేవాళ్ల చేతికి అంకెలు గబగబా మారే యంత్రం కట్టారు. మామూలుగా చూస్తే ఆ అంకెలు కలగాపులగమై చదవడానికి రావు. కాలం నిజంగా నెమ్మదిస్తే చదవగలగాలి. ఎవరూ చదవలేకపోయారు. కానీ వలలో పడ్డాక అడిగితే, ఇతరులు పడటానికి పట్టిందనుకున్న సమయం కన్నా తాము పడటానికి 36 శాతం ఎక్కువ పట్టిందని చెప్పారు. 2007లో వెలువడిన ఈ ఫలితానికి వాళ్లిచ్చిన వివరణ ఇది: భయంలో జ్ఞాపకం దట్టంగా పడుతుంది. తర్వాత తిరిగి చూసుకుంటే, అంత సరుకుంది కాబట్టి అంత సేపు పట్టి ఉంటుందని మనసు తీర్మానిస్తుంది.

సిఫ్ర్‌కు కరువైంది ఆ సరుకే. చీకట్లో నిన్నకూ ఇవాళ్టికీ తేడా చూపించేది ఏముంది? గుర్తుపెట్టుకోదగ్గది లేనిచోట రోజులు లెక్కకే రాలేదు. 1972లో అతను డాలస్ ఉన్న టెక్సస్‌లోనే మిడ్‌నైట్ కేవ్ అనే గుహలో ఆరు నెలలకు పైగా గడిపినప్పుడు మరీ విడ్డూరం. ఈసారి ఒంటి గడియారం కూడా పట్టు తప్పింది. కొన్ని చుట్లు 26 గంటలు, కొన్ని 48 గంటలకు అటూఇటూ. ఏది పొట్టిదో ఏది పొడవైనదో అతనికి తెలియనే లేదు.

జ్ఞాపకం పాత్రను నిలువెత్తున చూపించినవాడు హెన్రీ మొలేసన్. మూర్ఛ తగ్గించడానికి 1953లో శస్త్రచికిత్స చేసి అతని మెదడులో జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్‌ను చాలావరకు తీసేశారు. ఆపైన కొత్త జ్ఞాపకమేదీ నిలవలేదు. 1973లో పరీక్షిస్తే, 20 సెకన్ల దాకా కాలాన్ని బాగానే అంచనా కట్టాడు. అది దాటితే లెక్క కుప్పకూలింది. ఆ ధోరణినే పొడిగిస్తే మనకు గంట గడిస్తే అతనికి మూడు నిమిషాలు, మనకు ఏడాదైతే అతనికి మూడు గంటలు అవుతుందని పరిశోధకుడు గుణించాడు. 55 ఏళ్లు అలా బతికి 2008లో పోయాడు.

వయసు పెరిగే కొద్దీ ఏళ్లు దొర్లిపోతున్నాయనే మాటకూ ఇదే కారణమంటారు. బాల్యంలో అన్నీ కొత్తే, పెద్దయ్యాక అన్నీ పాతవే అని. 1890లోనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు విలియం జేమ్స్ ఈ మాట రాశాడు. వినడానికి బాగుంది. కానీ పూర్తిగా ఒప్పుకోవడం కష్టం. జర్మనీ, ఆస్ట్రియాల్లో 14 నుంచి 94 ఏళ్ల వాళ్లు దాదాపు 500 మందిని అడిగి, ఆ ఫలితాన్ని 2005లో ప్రకటించారు. గత పదేళ్లూ ఎలా గడిచాయంటే పెద్దవాళ్లు కాస్త ఎక్కువగా 'ఇట్టే' అన్న మాట నిజమే, అయితే ఆ తేడా స్వల్పం. గడిచిన వారం, గడిచిన నెల సంగతి అడిగితే మాత్రం కుర్రాళ్లూ ముసలివాళ్లూ అన్న తేడా లేదు. తొందరగా అయిపోయిందనే చాలామంది జవాబు.