ఈ వైరు దేనిది? పాత పరికరాల పిన్నులను గుర్తించడం ఎలా?

కువైట్ వెళ్లిన బంధువు తెచ్చిన టేప్ రికార్డరో, పెళ్లి వీడియో తీసిన చిన్న కెమెరానో మన ఇళ్లల్లో అటకెక్కి ఉంటుంది. చాలాసార్లు చెడిపోయింది యంత్రం కాదు, దాని వైరు పోయి ఉంటుంది. ఆ క్యాసెట్‌లో ఇప్పుడు లేని తాతయ్య గొంతు ఉండవచ్చు. సీతారామపురం నుండి ఉదయగిరికో, ఆత్మకూరుకో బస్సెక్కేముందే ఆ వైరు ఏ రకమో తెలుసుకుంటే ఛార్జీలు మిగులుతాయి, వస్తువూ బ్రతుకుతుంది.

ముందుగా పరికరం మీది రంధ్రం పక్కనున్న చిన్న అక్షరాలు చదవాలి. ‘డి.సి. ఇన్’ అంటే కరెంటు లోపలికి వెళ్లే దారి. ‘ఏ.వి. ఔట్’ అంటే బొమ్మ, శబ్దం బయటికి వచ్చే దారి. తరువాత ఆకారం, పిన్నుల సంఖ్య, వరుసలు కాగితం మీద గీసుకోవాలి. స్కేలుతో కొలత కూడా రాసుకోవాలి.

గుండ్రని పిన్నులు: ఇయర్‌ఫోన్ పిన్ను మందం 3.5 మిల్లీమీటర్లు. దాని మీద రెండు గీతలుంటే స్టీరియో శబ్దానికి. మూడు గీతలుంటే మైకున్న ఇయర్‌ఫోన్‌కో, కెమెరాను టీవీకి కలపడానికో. మూడు రంగుల జాక్‌లలో పసుపు బొమ్మకు, తెలుపు ఎడమ శబ్దానికి, ఎరుపు కుడి శబ్దానికి. అర్ధచంద్రాకారంలో 5 పిన్నులుంటే పాత టేప్ రికార్డరుది గానీ, పాత కంప్యూటర్ కీబోర్డుది గానీ కావచ్చు. 1987లో ఐ.బి.ఎం. సంస్థ తెచ్చిన చిన్న 6 పిన్నుల రకం కీబోర్డుకూ, మౌస్‌కూ వాడేవారు. ఊదారంగు కీబోర్డుది, ఆకుపచ్చ మౌస్‌ది.

బల్లపరుపువి: మూడు వరుసల్లో 15 పిన్నులుంటే కంప్యూటర్ తెరది. కంప్యూటర్ వెనుక రెండు వరుసల్లో 25 రంధ్రాలుంటే పాత ప్రింటరుకు. యు.ఎస్.బి.లో మందంగా, పొట్టిగా ఉన్నది మినీ, పలుచనిది మైక్రో, ఎటు తిప్పినా పట్టేది 2014లో వచ్చిన సి రకం.

అసలు ప్రమాదం కరెంటు అడాప్టరుతోనే. పిన్ను పట్టినంత మాత్రాన అది సరైనది కాదు. లావు గుండ్రని పిన్నుల్లో బయటి కొలత 5.5 మిల్లీమీటర్లుగా ఒకటే ఉన్నా, లోపలి రంధ్రం 2.1 ఉండవచ్చు, 2.5 ఉండవచ్చు. అడాప్టరు మీద ‘ఔట్‌పుట్’ అన్నచోట నాలుగు సంగతులు చూడాలి:

1. ఏ.సి.నా, డి.సి.నా అన్నది పరికరం అడిగినట్టే ఉండాలి.
2. వోల్టులు సమానంగా ఉండాలి.
3. ఆంపియర్లు సమానంగా గానీ, ఎక్కువగా గానీ ఉండాలి.
4. చుక్క, దాని చుట్టూ వంకర గీత ఉన్న బొమ్మలో ప్లస్, మైనస్ గుర్తులు రెండింటి మీదా ఒకేలా ఉండాలి.

ఎందుకంటే వోల్టేజి నీళ్ల ట్యాంకు ఎత్తు లాంటిది. ఎత్తు మితిమీరితే గొట్టం పగులుతుంది. ట్యాంకు పెద్దదైతే మాత్రం నష్టం లేదు, కుళాయి తనకు కావలసినంతే తీసుకుంటుంది. అందుకే 9 వోల్టులు, అర ఆంపియర్ అడిగే రేడియోకు 9 వోల్టుల 1 ఆంపియర్ అడాప్టరు పనికొస్తుంది. 12 వోల్టులది దాన్ని కాల్చవచ్చు.

కువైట్‌లో సరఫరా 240 వోల్టులు, మనది 230. కనుక అక్కడి మూడు పలక పిన్నుల ప్లగ్గుకు మార్పిడి ప్లగ్గు చాలు. అమెరికాలో 120 వోల్టులే. అక్కడి వస్తువు మీద 120 అని మాత్రమే ఉంటే మన గోడ సాకెట్‌లో నేరుగా పెట్టకూడదు. ‘100–240’ అని ఉంటే భయం లేదు.

అనుమానముంటే మెకానిక్ చేత మల్టీమీటరుతో చూపించాలి. వైరు కొసలు ఒలిచి సాకెట్‌లో గుచ్చడం ప్రాణాంతకం.

2024 డిసెంబరు 28 నుండి ఐరోపా సమాఖ్యలో అమ్మే కొత్త ఫోన్లకు సి రకం రంధ్రం తప్పనిసరి అయింది. ముందుముందు ఈ చిక్కు తగ్గుతుంది. కానీ పాత వస్తువుల లెక్క మనదే. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ప్రతి వైరుకూ చిన్న కాగితం చుట్టి, అది దేనిదో రాసి పెట్టండి. పది నిమిషాల పని, పదేళ్ల మేలు!