వీలునామా ఉన్నదా, లేదా?

ఎడపల్లిలో చెరకు పొలము గల రైతొకరు కాలధర్మము చెందిరనుకొందము. పెద్దకర్మ ముగియకముందే కుమారుడు "బాపు వీలునామా వ్రాసినాడు" అనును. "ఏదీ, చూపు అన్నా" అని చెల్లెండ్రు అడుగుదురు. తగవు పంచాయతీ సభ్యుల యెదుటికి వచ్చును. వీలునామా లేనిచో 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము మృతుని స్వార్జితమున భార్యకు, తల్లికి, కుమారులకు, కుమార్తెలకు సమభాగములు కలవు. కనుక కాగితము సంగతి తేలనిదే ఆడబిడ్డలచేత హక్కు విడుదల సంతకములు పెట్టించుట తగదని మా అభిప్రాయము.

ఇంటి పెట్టెలు, బ్యాంకు లాకరు చూచిన పిమ్మట దస్తావేజు లేఖరిని విచారింపవలెను. హిందువుల వీలునామాకు ఇద్దరు సాక్షులు తప్పనిసరి గనుక ఊరిలో ఎవరో ఒకరికి తెలిసియుండును.

అటుపై రిజిస్ట్రేషను కార్యాలయము. పలువురు ఈ.సీ. తీయించి, అందులో కనబడలేదు గనుక వీలునామా లేదని తీర్మానింతురు. ఇది సరికాదు. ఈ.సీ. మొదటి పుస్తకమును బట్టి ఇచ్చునది; వీలునామాలు మూడవ పుస్తకమున నకలగును. వ్రాసినవారు జీవించియుండగా వారికి, వారి ఏజంటుకు తప్ప అన్యులకు దాని నకలు ఈయరు. మరణానంతరము ఎవరు దరఖాస్తు చేసినను ఇత్తురు. ఆ పుస్తకమును వెదకుట అధికారి పనియే; మనము తిరగవేయరాదు. కావున పంచాయతీ కార్యదర్శి నుండి మరణ ధ్రువపత్రము పొంది, మృతుని పేరు, తండ్రి పేరు, వ్రాసియుండదగిన సంవత్సరములు తెలిపి బోధనులో దరఖాస్తు చేయవలెను.

అచట దొరకనంత మాత్రమున నిరాశ వలదు. వీలునామాను రాష్ట్రములోని ఏ సబ్-రిజిస్ట్రారు కార్యాలయమునందైనను నమోదు చేయించవచ్చును. కోస్తా నుండి వచ్చి ఈ కాలువల క్రింద స్థిరపడిన కుటుంబములవారు 2014కు పూర్వము స్వగ్రామము వైపు నమోదు చేయించియుండవచ్చును. సీలు వేసిన కవరులో దాచుకొన్నదైనచో నిజామాబాదులోని జిల్లా రిజిస్ట్రారు వద్ద ఉండును.

అసలు నమోదు తప్పనిసరి కాదు. తెల్లకాగితముపై వ్రాసినదైనను చెల్లును. రెండున్నచో, మొదటిది రిజిస్టరైనదైనను, నిజమని రుజువైన కడపటిదే నిలుచును. ముస్లిముల విషయమున మూడవవంతుకు మించిన దానికి వారసుల సమ్మతి కావలెను.

దొరికిన కాగితమును దురుద్దేశముతో దాచినను, చింపినను భారతీయ న్యాయ సంహిత ప్రకారము యావజ్జీవ శిక్ష వరకు పడవచ్చునని ఉభయపక్షములకును ముందే తెలియజేయుట మేలు.