ఎయిర్‌గన్: అపోహలు – వాస్తవాలు

నెల్లికుదురు చేలల్లోకి బోరు లారీ వచ్చిందంటే చుట్టుపక్కల అందరికీ తెలిసిపోతుంది. కంప్రెసర్ గాలి సుత్తిని ఆడిస్తుంది, రాతిపొడిని పైకి చిమ్ముతుంది. ఆ గాలినే ఇంకా గట్టిగా బిగించి సముద్రంలో వదిలి, అడుగున చమురు, గ్యాస్ ఉండగల పొరలను వెతుకుతారు. ఆ పరికరమే ఎయిర్‌గన్. 2002లో కృష్ణా–గోదావరి బేసిన్‌లో డి6 అనే బ్లాకులో గ్యాస్ బయటపడక ముందు దారి చూపినవి ఇలాంటి సర్వేలే. వాటి చుట్టూ అల్లుకున్న అపోహలు మాత్రం చాలానే ఉన్నాయి.

అపోహ 1: సముద్రంలో మందుగుండు పేలుస్తారు.

వాస్తవం: ఒకప్పుడు డైనమైట్ వాడిన మాట నిజం. 1960ల నుంచి దాని స్థానంలోకి ఎయిర్‌గన్ వచ్చింది. ఇందులో ఉండేది గాలి ఒక్కటే. లారీ టైరులో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి దాదాపు 100 పౌండ్లయితే, ఇందులో దాదాపు 2,000. ఓడ వెనక 5 నుంచి 10 మీటర్ల లోతున గన్లను లాగుతూ, సుమారు పది సెకన్లకోసారి గాలి వదులుతారు. పొరల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని కిలోమీటర్ల పొడవైన కేబుళ్లలోని హైడ్రోఫోన్లు, అంటే నీటి మైకులు, పట్టుకుంటాయి.

అపోహ 2: గన్ ఎంత పెద్దదైతే చిత్రం అంత బాగా వస్తుంది.

వాస్తవం: గన్ పరిమాణం ఎనిమిది రెట్లు పెంచినా ధ్వని ఒత్తిడి రెండింతలే అవుతుంది. అదే ఎనిమిది గన్లను ఎడంగా ఉంచి ఒకేసారి వదిలితే దాదాపు ఎనిమిది రెట్లు వస్తుంది. ఇంకో చిక్కు బుడగది. వదిలిన గాలి ఉబ్బి, కుంచించుకుని, మళ్లీ ఉబ్బుతూ అనవసరమైన ధ్వనులు చేస్తుంది. వాటితో చిత్రం మసకబారుతుంది. పెద్ద బుడగ నెమ్మదిగా ఊగుతుంది, చిన్నది వేగంగా ఊగుతుంది. అందుకే రకరకాల సైజుల గన్లను కలుపుతారు. మొదటి దెబ్బలన్నీ ఒక్కటవుతాయి, తర్వాతి ఊగిసలాటలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి.

అపోహ 3: గన్ల కూర్పు లెక్కకు సూపర్ కంప్యూటర్ కావాలి, బటన్ నొక్కితే అదే తేల్చేస్తుంది.

వాస్తవం: భారీ కంప్యూటర్లు కావలసింది భూగర్భ చిత్రం తయారీకి. గన్ల కూర్పు లెక్క బ్రౌజర్‌లో తెరుచుకునే సాఫ్ట్‌వేర్‌తోనూ అవుతుంది. ఆఫీసులో ఉన్నవాళ్లూ, ఓడ మీదున్నవాళ్లూ ఒకే నమూనా చూడొచ్చు. ప్రతి గన్ సైజు, చోటు, లోతు ఇస్తే కిందికి వెళ్లే ధ్వని ఎలా ఉంటుందో గీసి చూపిస్తుంది. వేల అమరికలు పోల్చి మెరుగైనవి ఏరుతుంది. ఒక గన్ మొరాయిస్తే మిగతావి సరిపోతాయో లేదో ముందే చెబుతుంది. కానీ ఏం కావాలో చెప్పాల్సింది మనిషే. నీటి ఉపరితలాన్ని తాకి తిరగబడిన ధ్వని అసలు ధ్వనిలో కొంత మింగేస్తుంది: గన్ 6 మీటర్ల లోతున ఉంటే 125 హెర్ట్జ్ దగ్గర, 10 మీటర్లయితే 75 హెర్ట్జ్ దగ్గర. సన్నని పొరలు కావాలా, లోతైనవి కావాలా అన్న నిర్ణయాన్ని బట్టి గన్ లోతు మారుతుంది. లెక్క సరైనదో కాదో చివరికి సముద్రంలో కొలిచి చూసుకోవాలి.

అపోహ 4: గాలే కదా, సముద్ర జీవులకు ఏమీ కాదు.

వాస్తవం: నీటిలో ధ్వని చాలా దూరం పోతుంది. 2017లో ప్రచురితమైన టాస్మానియా పరిశోధన, ఒక్క ఎయిర్‌గన్ ప్రభావం చిన్న చిన్న జీవులైన జంతు ప్లవకాల మీద 1.2 కిలోమీటర్ల దాకా కనిపించిందని తేల్చింది. బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం గాలి వదలడానికి ముందు 500 మీటర్ల పరిధిలో తిమింగలాలు, డాల్ఫిన్ల కోసం కనీసం అరగంట గాలించాలి. తర్వాత కనీసం 20 నిమిషాలు ధ్వనిని మెల్లగా పెంచాలి. కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్‌కు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అలాంటి తీరంలో పనికి సరిపోయే అతి చిన్న కూర్పును వెతకడం మన బాధ్యత. సాఫ్ట్‌వేర్‌కు అన్నిటికంటే మంచి ఉపయోగం అదే.

అపోహ 5: ఈ దెబ్బలతోనే భూకంపాలు వస్తాయి.

వాస్తవం: 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించింది. దానికి కారణం గోదావరి లోయ కింద పేరుకున్న సహజ ఒత్తిడి. ఆ కంపంలో విడుదలైన శక్తి ఒక ఎయిర్‌గన్ దెబ్బ కంటే కోట్ల రెట్లు ఎక్కువ.

అపోహ 6: ఇదే పరికరంతో మన చేలల్లో నీళ్లు కనిపెట్టొచ్చు.

వాస్తవం: ఎయిర్‌గన్ నీటిలో పనిచేసే పరికరం. మన గట్టి రాతి నేలలో నీటి జాడకు భూమిలోకి కరెంటు పంపి నిరోధాన్ని కొలిచే పద్ధతి వాడతారు. ఇక్కడ నీరు ఉండేది పైనున్న మెత్తబడ్డ రాతిలో, దాని కింది పగుళ్లలో. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గిపోతాయి. అయినా ఇంకో వంద ఫీట్లు వేస్తే నీళ్లు పడతాయన్న ఆశతో రైతు అప్పు పెంచుకుంటాడు. ఇంకో గన్ కలిపితే చిత్రం తేటపడుతుందని సర్వే చేసేవారు అనుకుంటారు. రెండు చోట్లా ముందు కొలత, తర్వాతే దెబ్బ.