బుల్లెట్‌కి కొత్త ప్లాటినం వేసినంక స్టార్ట్ అయితలేదా? ముందు అమ్మీటర్ ముల్లు చూడండి

ఈసారి ఎపిసోడ్ పెద్దేముల్‌లో మా ఇంటి ముందట నుంచే. నా వెనక ఉన్నది మా నాయిన బుల్లెట్ 350, పాత కాస్ట్ ఐరన్ ఇంజన్. పోయిన నెల దాకా రెండో కిక్‌కో మూడో కిక్‌కో లేచేది. నేనే "సర్వీసు చేస్త" అని మొదలుపెట్టి ప్లాటినం, కండెన్సర్ మార్చిన, డిస్ట్రిబ్యూటర్ ఇప్పి తుడిచి పెట్టిన. గంతే. ఎన్ని కిక్కులు కొట్టినా చప్పుడు లేదు. తాండూరులో ఒక మెకానిక్ అన్నకు చూపిస్తే ఇంజన్ దించి బోరు చేయించాలె అన్నడు. నాయిన అయితే, "ఆదివారం పాత సామాన్లాయన వస్తడు, ఇచ్చేద్దాం తీయ్" అన్నడు.

కానీ మొన్నటిదాకా నడిచిన బండికి ఒక్క పూటలో బోరు ఎట్ల పోతది? కోడ్‌లో బగ్ వస్తే మొదట చూసేది చివరగా ఏం మార్చినం అనే కదా. ఇక్కడ కూడా గదే.

ఈ బండిలో ప్లాటినం అంటే ఒక స్విచ్ అనుకోండి. రెండు పాయింట్లు అతుక్కుని ఉన్నప్పుడు బ్యాటరీ కరెంటు కాయిల్‌లో పారుతది. విడిపోయిన క్షణంలో కాయిల్‌లో హై వోల్టేజ్ పుట్టి ప్లగ్ దగ్గర నిప్పురవ్వ వస్తది. దీన్ని చూడనీకి మీటర్ ఏం కొనక్కర్లేదు, హెడ్‌లైట్ పైన అమ్మీటర్ ఉంది. లైట్లు బంద్ చేసి, తాళం ఆన్ చేసి, డీకంప్రెసర్ పట్టుకుని కిక్ మెల్లగ తొక్కండి. పాయింట్లు కలిసినప్పుడు ముల్లు మైనస్ వైపు పోవాలె, విడిపోంగనే మధ్యకు రావాలె.

ముల్లు అసలు కదలకుంటే పాయింట్లల్ల కరెంటు పారుతలేదు. కొత్త ప్లాటినం మీద నూనె పొర ఉండొచ్చు, తెల్ల కాగితం పెట్రోల్‌లో ముంచి పాయింట్ల నడుమ లాగండి. లేదంటే గ్యాప్ మరీ ఎక్కువైంది, లేదా ఏదో వైరు ఊడింది. గ్యాప్ పూర్తిగ తెరుచుకున్నప్పుడు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు.

నాది ఉల్టా. ముల్లు మైనస్‌లోనే నిలబడ్డది, ఎంత తొక్కినా వెనక్కి రాలే. అంటే పాయింట్లు తెరుచుకున్నా కరెంటు ఎక్కడో బాడీకి తగులుతుంది. కండెన్సర్ వైరు తీసి చూసిన, అట్లనే ఉంది. కండెన్సర్ తప్పు కాదు. ఇగో, ఈ చిన్న ఫైబర్ వాషర్ చూడండి! స్ప్రింగ్‌కి, బోల్ట్‌కి నడుమ ఉండాల్సింది, నేను నట్టు మీద పెట్టిన. సరిచేస్తే ముల్లు ఆడింది. ఇంకో మాట, పాయింట్లు కలిసి ఉండంగ తాళం ఆన్‌లో వదిలేయకండి, కాయిల్ వేడెక్కి పోతది.

ప్లగ్ తీసి హెడ్‌కి ఆనించి చూస్తే నీలం రవ్వ. (ప్లగ్ రంధ్రానికి దూరంగ పెట్టండి, లోపల పెట్రోల్ ఆవిరి ఉంటది.) ఖుషీ అయి కిక్ కొడితే కార్బురేటర్‌లోంచి ఠప్‌మని పేలింది. రవ్వ ఉంది, కానీ టైం తప్పింది.

ఫోర్ స్ట్రోక్‌లో పిస్టన్ పైకి రెండుసార్లు వస్తది. ఒకసారి పొగ బయటికి తోసేటప్పుడు, ఒకసారి గ్యాస్‌ని నొక్కేటప్పుడు. డిస్ట్రిబ్యూటర్ రెండు చుట్లకు ఒక్కసారే రవ్వ ఇస్తది. సగం చుట్టు తేడాతో పెడితే రవ్వ పొగ తోసేటప్పుడు పడుతది. తెలుసుకునుడు ఎట్ల? పక్కన ట్యాపెట్ కవర్ తీసి పిస్టన్ పైకి తెండి. రెండు పుష్‌రాడ్లూ వేళ్ల నడుమ సులువుగ తిరిగితే వాల్వులు రెండూ మూసి ఉన్నట్టు, అదే కంప్రెషన్. అక్కడే పాయింట్లు తెరుచుకోవాలె. నావి మూసుకుని ఉన్నయి.

క్యామ్‌ని సగం చుట్టు తిప్పి, పిస్టన్ పైకి చేరనీకి 0.8 మిల్లీమీటర్లు ఉండంగ ముల్లు మధ్యకు వచ్చేటట్టు బిగించిన. నాలుగో కిక్‌కి లేచింది. లోపల టీవీ చూస్తున్న నాయిన బయటికొచ్చి, కొంచెంసేపు ఆ చప్పుడు విని, "ఐడిల్ ఎక్కువుంది, తగ్గియ్" అన్నడు. పాత సామాన్లాయనకు ఫోన్ కూడ ఆయనే చేసిండు.