విరుగుడు నీళ్ల ఇథనాల్, అనకాపల్లి లెక్క

అనకాపల్లి బెల్లం వంటలో మొలాసిస్ అనే మడ్డి మిగలదు. తెట్టు తీసేయగా పెనంలో ఉన్నదంతా దిమ్మల్లోకే పోతుంది. మొలాసిస్ పుట్టేది చక్కెర మిల్లుల్లో. దాన్ని ఈస్టుతో పులియబెడితే ఇథనాల్. పాల పనిలోనూ అలాంటి మిగులు ఒకటుంది, పన్నీరో చీజో తీశాక దిగే విరుగుడు నీళ్లు. పది లీటర్ల పాలకు కిలో చీజ్ వస్తే తొమ్మిది లీటర్లు ఇవే. కాలువలోకి వదిలితే నీటిలోని ఆక్సిజన్‌ని ఇళ్ల మురుగుకన్నా వంద రెట్లు లాగేస్తాయి.

ఇందులోని చక్కెర లాక్టోజ్. రొట్టెల ఈస్టుకు దాన్ని లోపలికి తీసుకునే దారీ లేదు, విరగ్గొట్టే ఎంజైమూ లేదు. ఆ రెండూ ఉన్న ఈస్టు క్లూయివెరోమైసెస్ మార్క్సియానస్. ఐర్లాండ్‌లో కార్బరీ కంపెనీ 1978లో విరుగుడు నీళ్ల నుంచి ఇథనాల్ తీసే పనిని కర్మాగార స్థాయికి తెచ్చింది, తర్వాత న్యూజిలాండ్ డెయిరీలు అందుకున్నాయి. ముందు సన్నటి పొరల గుండా వడగట్టి ప్రోటీన్ తీస్తారు, అది పొడిగా అమ్ముడవుతుంది. మిగిలిన తేటను తొట్టెల్లో పులియబెట్టి, బుడగలు ఆగాక ఈస్టును వేరుచేసి డిస్టిలేషన్ కాలమ్‌కు పంపుతారు.

దీన్ని ఇంధన యంత్రమని పొగడటం సరికాదు. ఇది మురుగు శుద్ధి యంత్రం, ఇథనాల్ దాని పక్కరాబడి. తేటలో లాక్టోజ్ నాలుగున్నర శాతమే. లీటరు ఇథనాల్‌కు సుమారు 40 లీటర్ల తేట కావాలి. పులిసిన ద్రవంలో ఆల్కహాల్ రెండు మూడు శాతం దాటదు, వేరుచేయడానికి ఆవిరి ఖర్చు ఎక్కువ. మొలాసిస్‌లో దాదాపు సగం చక్కెరే. కాలమ్ అడుగు నీటికీ శుద్ధి కావాలి కదా అంటారు. కావాలి, కానీ లాక్టోజ్ పోయాక భారం చాలావరకు దిగినట్టే. మొలాసిస్‌ను ఎలాగూ పలుచన చేయాలి, నీళ్ల బదులు ఈ తేటే పోయొచ్చుగా? ఆలోచన మంచిదే. అయితే చెరకు చక్కెర దొరికినంతసేపూ ఈ ఈస్టు లాక్టోజ్ జోలికి పోదు. పైగా మొలాసిస్ ఉప్పులకు తేట ఉప్పులు తోడై పులియడం మందగిస్తుంది. ముందే ఎంజైముతో లాక్టోజ్‌ను విరగ్గొట్టవచ్చు, దానికో ఖర్చు. అనకాపల్లి ఎండ 40 డిగ్రీల వేడిలోనూ పనిచేసే ఈ ఈస్టుకు అనుకూలమే, కానీ అదే ఎండకు తేట ఒక్కరోజులో పులిసి చెడుతుంది. ఊరూరా తిరిగి విరుగుడు నీళ్లను ట్యాంకర్‌లో పోగుచేస్తే మోసేది దాదాపు అంతా నీరే. పెద్ద చీజ్ కర్మాగారం గోడ పక్కన పెడితే ఈ యంత్రానికి అర్థముంది. చిన్న పన్నీరు యూనిట్‌కు మాత్రం ఆ నీళ్లను తాజాగా ఉండగానే గేదెల కుడితిలో కలపడం చవక.